విప్పి కుట్టిన ఆరు బొంతలు

ఆసుపత్రిలో పిల్లలకి బొంతలు దానం చేసేవాళ్ళుంటారు. ఆ బొంతలు కుట్టేవాళ్ళకి మా కోడలు నన్ను దానం చేసింది.

ఆ పిల్లని తప్పు పట్టను. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషిని భరించడం మాటలు కాదు. మొదటి నెలలో వంటింటి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాను. రెండో నెలలో కోడలు రాసుకున్న సరుకుల చీటీలో అక్షరదోషాలు దిద్దాను. మూడో నెలలో మా అబ్బాయి ఆరేసిన బట్టలు తీసి మళ్ళీ ఆరేశాను. ఆ సాయంత్రమే కోడలు నవ్వుమొహంతో నా పక్కన చేరి, "అత్తయ్యా, మన వీధి చివర టైలరమ్మగారింట్లో ఆసుపత్రికి బొంతలు కుడుతున్నారట. మీలాంటి చెయ్యి వాళ్ళకి చాలా అవసరమట" అంది. అవసరం వాళ్ళదో తనదో నాకు తెలియకపోలేదు. అయినా వెళ్ళాను. నిజం చెప్పాలంటే, నన్ను ఎవరైనా ఒక చోటికి రమ్మని చాలా రోజులైంది.

టైలరమ్మ షాపు ఎప్పుడో మూసేసింది కానీ మెడలో టేపు మాత్రం తీయలేదు. ఆవిడ మేడ మీది గదిలో మంగళవారం, శుక్రవారం పని. కిటికీ పక్కన కుట్టుమిషను, మధ్యలో పాత తలుపు చెక్కతో చేసిన పెద్ద బల్ల, గోడవారగా జనం ఇచ్చిన చొక్కాలు, దుప్పట్లు, కర్టెన్లు నింపిన సంచులు. నేను వెళ్ళేసరికి అక్కడ ఉన్నది ముగ్గురు. ఒకరు టైలరమ్మ. రెండోవాడు సెలూను బాబాయి. మధ్యాహ్నాలు బేరం ఉండదని వచ్చేవాడు. బట్ట కోసే పని ఆయనదే. తన కత్తెర ఇంకెవరైనా ముట్టుకుంటే ఆయన మొహం చూడలేం. మూడో మనిషి కండక్టరమ్మ.

ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళు బస్సులో టికెట్లు కొట్టింది. గదిలో నలుగురమే ఉన్నా "కాస్త ముందుకు జరగండమ్మా" అనకుండా కూర్చోలేదు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆవిడ కుడిపక్క పడిపోయింది. నడక తిరిగొచ్చింది, మాట మరీ ఎక్కువగా తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఆ చేత్తో ఎంత పని చేయిస్తే అంత మంచిదని డాక్టరు చెప్పాడట. అప్పటినుంచీ చెల్లెలింట్లోనే ఉంటోంది. గుండీలు పెట్టేది చెల్లెలు, జడ వేసేది చెల్లెలు. సొంత ఇల్లు రెండేళ్ళుగా తాళం వేసి ఉంది.

"మీరంతా పిల్లల కోసం కుడుతున్నారు, నేను చెయ్యి కోసం కుడుతున్నాను" అంది మొదటిరోజే నాతో. "పుణ్యం మీరు పంచుకోండి. నా జడ నేను వేసుకుని, నా ఇంటి తాళం నేను తీసుకుంటే చాలు నాకు."

పని చెప్పుకుంటే చిన్నదే. పైన అతుకుల బట్ట, మధ్యలో పలచటి దూది, కింద మెత్తబడిన దుప్పటి. ఈ మూడూ జరిగిపోకుండా సూదితో వరుసలు వరుసలుగా కుట్టుకుపోవాలి. బొంతకి నాలుగు మూలలు, మేం నలుగురం. ఎవరి మూల వాళ్ళది. వారానికి ఒక బొంత. కండక్టరమ్మ మూలలో మటుకు మూడే వరుసలు. అందులో ఒక కుట్టు గోరంత, పక్కది వేలంత. వరుస బయల్దేరేది ఒకచోటికి, చేరేది ఇంకోచోటికి. ఇన్నేళ్ళు బస్సు నడిపించిన మనిషి వరుసకి ఆ దారి ఎవరు చూపించారో తెలియదు.

కుట్టడం అయ్యాక ఆవిడ తల ఎత్తి, "ఎలా ఉంది?" అని అడిగేది.

"బాగుంది. ఉతికి ఇస్త్రీ చేస్తే కుట్లు అవే సర్దుకుంటాయి" అనేది టైలరమ్మ.

నలభై ఏళ్ళు కుట్టుపని మీద బతికిన మనిషి కళ్ళార్పకుండా ఎంత మాటంది! ఉతికితే పోయేది మురికి. ఇస్త్రీ చేస్తే పోయేది ముడత. కుట్టు సర్దుకోవడం లోకంలో ఎక్కడా లేదు. కానీ గదిలో ఎవరూ నోరు మెదపలేదు. కొత్తగా వచ్చినదాన్ని కాబట్టి నేనూ మెదపలేదు. కొత్తగా వచ్చినదాన్ని కాబట్టే బొంతలు ఇంటికి తీసుకెళ్ళి ఉతికి ఇస్త్రీ చేసే పని కూడా నాకే అంటగట్టారు. అంతకుముందు అవి లాండ్రీ నుంచి నేరుగా ఆసుపత్రికే పోయేవట.

మొదటి బొంత ఇస్త్రీ చేస్తుంటే ఆ మూల నా కంట పడింది. పక్కకి తిప్పి మడత పెట్టాను. మళ్ళీ విప్పి చూశాను. ముప్పై నాలుగేళ్ళు తప్పు కనబడగానే దిద్దిన చేతులు, ఊరుకోమంటే ఊరుకుంటాయా? చిన్న కత్తెర తీసుకుని ఆ మూడు వరుసలూ విప్పేసి, అదే దారంతో, అదే రంధ్రాల పక్కనే, గీత గీసినట్టు కుట్టేశాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. పసివాడికి ఇచ్చే బొంత నీటుగా ఉండాలి కదా అనుకున్నాను. ఆవిడ పరువు కాపాడానని కూడా అనుకున్నాను. రెండూ మంచి కారణాలే. మంచి కారణాలు వెతుక్కోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

మంగళవారం బొంత బల్ల మీద పరిచాను. కండక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి, తన మూల మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"బాబాయ్, ఇలా రా! సర్దుకున్నాయి! టైలరమ్మ చెప్పినట్టే సర్దుకున్నాయి చూడు!"

సెలూను బాబాయి చూశాడు. టైలరమ్మ బొంత వంక చూసి, నా వంక చూసింది. నేను దారపు రీలు మీద ఉన్న అంకె చదువుకున్నాను. ఆ మొహంలో అంత సంతోషం చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. టైలరమ్మకీ రాలేదు.

అలా ఆరు వారాలు. ఆరు బొంతలు విప్పి కుట్టాను. అన్నీ మరీ తిన్నగా వస్తే అనుమానం వస్తుందని నాలుగో వారం నుంచి ఒకటీ అరా కుట్లు కావాలనే కొంచెం వంకర పెట్టేదాన్ని. అబద్ధమైనా సరే, నాకు నీటుగా ఉండాలి.

ఈలోగా ఆ గది నాకు బాగా అలవాటైపోయింది. కిటికీ పక్క కుర్చీ నాదైంది. సెలూను బాబాయి నా కప్పులో చక్కెర ఎంత వేయాలో అడగడం మానేశాడు. నేను టైలరమ్మ గుండీల డబ్బా రంగుల ప్రకారం సర్దితే ఆవిడ తిట్టకుండా, "ఇంక సంచులు కూడా మీరే సర్దండి" అంది. ఉద్యోగం వదిలాక ఒక మనిషి నన్ను సర్దమని అడగడం అదే మొదలు. మంగళవారం ఎప్పుడొస్తుందా అని సోమవారం పొద్దున్నుంచీ చూసేదాన్ని.

ఏడో వారం మంగళవారం కండక్టరమ్మ వస్తూనే కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"కసరత్తు చేయించడానికి ఇంటికొచ్చే పిల్లని ఇంక రావద్దన్నాను. రోజూ వేళ్ళు విరిచేసి ఏడిపిస్తోంది. కుట్లు ఇంత చక్కగా వస్తుంటే ఇంకా అదెందుకు? వచ్చే నెల నా ఇంటికి నేను వెళ్ళిపోతాను. జడొక్కటే ఇంకా రావడం లేదు. కుట్లు వచ్చినట్టే అదీ వస్తుంది."

ఆవిడ నమ్మింది డాక్టరుని కాదు, నా కుట్లని. విప్పి కుడితే ఆవిడ చెయ్యి కసరత్తు లేక మళ్ళీ బిగుసుకుపోతుంది. విప్పకుండా ఇస్తే, వచ్చిన చెయ్యి పోయిందనుకుని కుమిలిపోతుంది. ఎంత పెద్ద లెక్కకైనా ఏదో ఒక దారి వెతికినదాన్ని, దీనికి దారి కనిపించలేదు.

ఇంటికొచ్చి కోడలితో చెప్పాను. విని ముందు పగలబడి నవ్వింది.

"అత్తయ్యా, మీరు తప్పు చేశానని ఒప్పుకుంటున్నారా? ఆగండి, తారీఖు రాసుకుంటాను."

"నవ్వకే. ఆవిడ మంచికే చేశాను."

కోడలి నవ్వు ఆగింది. "మంచికే చేశారు. కానీ అత్తయ్యా, ఆవిడ చెయ్యి ఎలా ఉందో ఆవిడకే తెలియకుండా చేశారు కదా."

నాకు తల కొట్టేసినట్టయింది. "చెప్తే నన్నింక రావద్దంటారేమోనే" అన్నాను.

"రావద్దంటే ఇంట్లోనే ఉండండి. డబ్బాలు మళ్ళీ సర్దుకోండి. నేను భరిస్తాను" అంది కోడలు.

శుక్రవారం చెప్పేశాను. ముందు టీ తాగుదాం, తరవాత చెబుదాం, బాబాయి వెళ్ళాక చెబుదాం అని నాలుగుసార్లు వాయిదా వేసి, చివరికి అందరి ముందే చెప్పాను. ఒక్కొక్క బొంతా చెప్పాను. కావాలని పెట్టిన వంకర కుట్ల సంగతి కూడా దాచలేదు.

కండక్టరమ్మ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని వింది.

"ఆరూనా?"

"ఆరూ."

"అంటే ఆరు వారాలు నేను టికెట్ లేని ప్రయాణం చేశానన్నమాట" అంది. "అదీ నాకు తెలియకుండా."

తిట్టినా బాగుండేది. ఎడంచేత్తో సంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. సెలూను బాబాయి కత్తెర బల్ల మీద పెట్టేశాడు. "మీరు ఆరుసార్లు చేశారు, నేను అంతకుముందు ఏడాది పొడుగునా చెప్పాను" అంది టైలరమ్మ నెమ్మదిగా. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. అనలేదు కాబట్టి ఎటూ పోలేక అక్కడే కూర్చుని ఏడ్చాను.

మంగళవారం ఆవిడ రాలేదు. నేను వెళ్ళాను, కిటికీ పక్కన కూర్చోలేక తలుపు దగ్గర కూర్చున్నాను.

శుక్రవారం వచ్చింది. వస్తూనే, "ఆ కసరత్తు పిల్లని మళ్ళీ రమ్మన్నాను. రెట్టింపు ఏడిపిస్తోంది" అని టైలరమ్మతో చెప్పి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల మీద కొత్త బొంత ఉంది. అందులో నా మూల నా వైపు తోసింది.

"టీచరమ్మా, మీది కుడిచేతి వాటమేగా?"

"అవును."

"ఈ మూల ఎడంచేత్తో కుట్టండి. మూడు వరుసలు. నా మూల నేను కుడతాను. ఎవరిదీ ఎవరూ ముట్టుకోవద్దు."

సూదిలో దారం ఎక్కించడానికే పది నిమిషాలు పట్టింది. నాలుగుసార్లు వేలు పొడుచుకున్నాను. దారం ముడిపడింది, ముడి విప్పబోతే ఇంకో రెండు పడ్డాయి. సూది పైనుంచి దిగాక కింద ఎక్కడ తేలుతుందో నాకు తెలియదు, దానికీ తెలియదు. "ఆ వరుస గేటు దాటి వీధిలోకి వెళ్ళిపోతోందమ్మా" అన్నాడు సెలూను బాబాయి. ఎవరైనా నవ్వితే బాగుండని చూశాను. కండక్టరమ్మ తల ఎత్తకుండా కుట్టుకుంటోంది.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరం ఆపాం. ఆవిడ బొంతని మడిచి, నా మూలనీ తన మూలనీ పక్కపక్కన చేర్చింది. నలుగురం వంగాం.

నా కుట్లు ఎలుక కొరికినట్టున్నాయి. ఆవిడవి వంకరే. కానీ కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం ఇంచుమించు ఒక్కటే. మూడో వరుస మొదలైన చోటినుంచి చేరాల్సిన చోటికి, కాస్త వంగినా, చేరింది. నేను విప్పిన మొదటి బొంత నాకు గుర్తుంది. అందులో ఏ వరుసా చేరలేదు. ఆరు వారాలూ వరసగా విప్పుతూ కూడా, కొద్దికొద్దిగా మారుతున్నాయని నేను గమనించలేదు. తప్పు వెతికే కంటికి అది కనబడదు.

ఆవిడ నా కుట్ల మీద వేలు పెట్టి, "మొట్టమొదట ఈ గదికి వచ్చినప్పుడు నావి అచ్చం ఇలాగే ఉండేవి" అంది. తరవాత తన కుట్ల మీద వేలు పెట్టింది.

"మీరు టీచరు. ఇన్నాళ్ళూ నాకు దొంగమార్కులు వేశారు. ఇప్పుడు సరైన మార్కులు వేయండి. నూటికి ఎన్ని?"

ఎనభై అని నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళలోకి చూసి మింగేశాను. మళ్ళీ బొంత మీదికి వంగి, వరుస వరుసా చూశాను. ఏ పరీక్ష పేపరూ నేనంత భయంగా దిద్దలేదు.

"నలభై."

"నలభయ్యేనా!" అన్నాడు సెలూను బాబాయి. "ఇంకో పది వేస్తే మీ సొమ్మేం పోయిందమ్మా?"

"నువ్వాగు బాబాయ్" అంది కండక్టరమ్మ. "మరి మీకెన్ని టీచరమ్మా?"

"సున్నా."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుని, ఫోను తీసి చెల్లెలికి చేసింది. అవతల ఎత్తగానే గదంతా దద్దరిల్లేలా అరిచింది.

"ఒసేయ్, నాకు నలభై వచ్చాయే! కాదే, ఈసారి నేను కుట్టినవాటికే!"