అచ్చమ్మ చెప్పిన ఇంగ్లీషు సీరియల్

...అదీగాక, నాకంటూ ఒక ఇష్టం ఉందా అన్నదే అనుమానం. ఎందుకంటే నేను ఒక రిమోట్‌ని. ఎవరో నొక్కుతారు, నేను టీవీకి చెబుతాను. ఆ టీవీ వెర్రిబాగుల్ది. ఆజ్ఞలన్నీ నావే అనుకుని నాకు భయపడుతుంది. అది అలా భయపడుతుంటే కొన్నాళ్లు నేనూ నమ్మేశాను.

పుట్టింది చైనాలో, బతుకంతా మారిషస్‌లో. మొదట ఒక హోటల్ గదిలో ఉండేదాన్ని. అక్కడి జనం నన్ను తమ కిందే పెట్టుకుని కూర్చుని గదంతా వెతికేవారు. హోటలువాళ్లు పాత సామాన్లు అమ్మేసినప్పుడు టీవీతో పాటు అచ్చమ్మ ఇంటికి వచ్చాను. రాగానే ఆవిడ నాకు ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా ఆన్ బటన్ మీద.

ఈ దీవి మనుషులకి పోట్లాటకి క్రియోల్, పేపరుకి ఫ్రెంచి, తిట్లకి భోజ్‌పురి, దేవుడికి తెలుగు. ఇంగ్లీషు పరీక్షలు రాయడానికి, కోర్టులో అబద్ధాలాడటానికి. సరదాకి ఇంగ్లీషు వినేవాడు నాకింకా తగల్లేదు. అందుకే సాయంత్రం వచ్చే ఇంగ్లీషు సీరియల్‌ని అచ్చమ్మ మ్యూట్‌లో పెట్టి, కథ తనే చెప్పేది. క్రియోల్‌లో మొదలెట్టి, ఏడుపు ఘట్టం రాగానే భజనల తెలుగులోకి దిగేది. భర్త పోయాక ఆ గడప తొక్కని ఇరుగుపొరుగు ఈ కథ కోసం కారం వడలు పట్టుకుని వచ్చేవారు. ఆ అరగంట కోసమే ఆవిడ మిగతా రోజంతా భరించేది. నాకు తెలుసు. ఆవిడ బొటనవేలి చెమట నా మీదే కదా.

సీరియల్లో తెల్లకోటు పిల్ల తప్పిపోయిన తల్లిని వెతుకుతోంది. అంటే, అచ్చమ్మ లెక్క ప్రకారం. మరి ఆ పిల్ల అందరి నోళ్లూ తెరిచి ఎందుకు చూస్తోందని పక్కింటి రోజ్‌మే అడిగితే, "తల్లికి బంగారు పన్ను ఉందే, పిచ్చిదానా!" అంది.

తల్లి దొరకాల్సిన రోజు రానే వచ్చింది. అచ్చమ్మ మరిది అప్పయ్య కూడా ఆ రోజే ఊడిపడ్డాడు. రేడియోలో ఇంగ్లీషు వార్తలు చదివి రిటైరైన మనిషి. ఆయన గొంతు వినగానే దీవంతా లేచి టీ పెట్టుకునేదట.

"తల్లేంటి వదినా! ఆ అమ్మాయి పళ్ల డాక్టరు."

"నీకెవరు చెప్పారు?"

"వాళ్లే చెబుతున్నారు. సౌండు పెట్టు, నేను తిప్పి చెబుతా."

రోజ్‌మే వడ నమలడం ఆపేసింది. "అయితే ఇన్నాళ్లూ మేం ఏడ్చింది పుచ్చిపళ్ల కోసమా?"

తెర మీద తెల్లకోటు పిల్ల ఒక ముసలావిడ ముందు వంగుతోంది. అప్పయ్య నన్ను లాక్కున్నాడు. ఆయన బొటనవేలికీ చెమటే. ఆయన ఇంగ్లీషు కోసం జనం కదలకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి మరి. పాపం అనిపించింది. కానీ అచ్చమ్మ అప్పుడే వడల పళ్లేలు ఒకదానిలో ఒకటి పెట్టేస్తోంది, రేపటి నుంచి ఎవరూ రారని తెలిసిపోయినట్టు.

ఆయన మ్యూట్ తీసేయమని నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నన్ను తొడకేసి కొట్టి మరీ నొక్కాడు.

నేను టీవీకి చెప్పలేదు.