పాసైన నీళ్లు

ఆ పిల్లను వీధంతా ముక్కు అని పిలిచేది. ముక్కు పొడుగని కాదు, అది చేసే పని అలాంటిది. వీధి మొదట్లో నిలబడి చివరింట్లో పాలు అడుగంటుతున్నాయని చెప్పేది. దర్జీ ఇంటి తాతకు రేపు జ్వరం వస్తుందని వాసన పట్టి చెబితే, ఆయన పంతం కొద్దీ జ్వరాన్ని వారం వాయిదా వేశాడని చెప్పుకుంటారు. నమ్మేవాళ్లు నమ్మండి, నమ్మనివాళ్లకు బలవంతం లేదు.

అలాంటి ముక్కు పారిశుధ్యం, నీటి పరీక్షల చదువులో చేరి శానిటరీ ఇన్‌స్పెక్టరు కావాలనుకోవడంలో వింత లేదు. చేర్పించింది మేనమామ. చెల్లెలు పోయాక ఈ పిల్లను తెచ్చుకుని తన బిడ్డల్లో కలిపేసుకున్న మనిషి. ఆయన ఊరి నీళ్ల ట్యాంకు చూసుకునేవాడు. తెల్లవారకముందే నిచ్చెనెక్కి ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపి, కిందికి దిగి వాల్వు తిప్పి వీధులకు నీళ్లు వదలడం ఆయన ఉద్యోగం. ఆయన కోతలు ట్యాంకు కంటే ఎత్తు. పైపులో అడ్డంపడ్డ చేపను తోక పట్టుకుని లాగితే చేపతో పాటు రెండు వీధుల పైపూ ఊడి వచ్చిందనీ, చేపను మళ్లీ లోపలికి తోస్తే గాని పైపు సర్దుకోలేదనీ చెప్పేవాడు. ట్యాంకును ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. భోజనాల దగ్గర ఎవరైనా నీళ్లు అదోలా ఉన్నాయంటే ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

నీళ్లు అదోలా ఉన్నమాట నిజమే. తప్పు ట్యాంకులో లేదు, దారిలో ఉంది. పైపు మురుగుకాలువ అడుగు నుంచి పోతుంది. తుప్పు పట్టి చిల్లులు పడింది. వాల్వు కట్టేశాక ఖాళీ అయిన పైపు, దాహం వేసిన మనిషిలా, పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ఈ సంగతి ఆమెకు ముందు ముక్కు చెప్పింది, ఆ తర్వాత క్లాసులో మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు. వీధివాళ్లకు బొమ్మలతో పనిలేదు. పిల్లల కడుపులు ఎప్పుడూ జారుతూనే ఉండేవి గనక అందరూ నీళ్లు కాచి చల్లార్చుకునే తాగేవాళ్లు.

పైపు మార్చమని ఆమె ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, ఒక ఆడపిల్ల ముక్కును నమ్మి రోడ్డు తవ్విస్తే తనను తీసుకెళ్లి అదే గుంటలో పూడుస్తారని చెప్పాడు. నీళ్లు తాగడానికి పనికిరావని ల్యాబు నుంచి రిపోర్టు రావాలి. వస్తే మర్నాడే తవ్విస్తానన్నాడు.

అందుకే చివరి ప్రాక్టికల్ పరీక్షకు ఎవరికి నచ్చిన కుళాయి వాళ్లను ఎంచుకోమన్నప్పుడు ఆమె తన వీధి చివరి కుళాయి ఎంచుకుంది. పరీక్షలో పట్టిన సీసా ల్యాబుకే వెళుతుంది. అక్కడ నీళ్లు తప్పాలి, పైపు మారాలి. మార్కుల మీద కూడా అంత ధ్యాస లేదు ఆమెకు. ఇంట్లో మాత్రం పరీక్ష మన కుళాయి దగ్గరే మామయ్యా అని చెప్పి ఊరుకుంది. నీ నీళ్లు తప్పితేనే నాకు సంతోషమని ఆ మనిషికి ఏ నోటితో చెబుతుంది? రిపోర్టు వచ్చాక మెల్లగా చెప్పుకోవచ్చు అనుకుంది.

పరీక్ష రోజు పొద్దున వీధి మలుపు తిరగగానే ఆమెకు కళ్లు మండాయి. ఆసుపత్రి వరండా కడిగినప్పుడు వచ్చే ఘాటు. కుళాయి దగ్గర మాస్టారు గొడుగు పట్టుకుని విసుగ్గా నిలబడ్డాడు. ఆమె చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. క్లోరిను సరిపడా ఉంటే లేత పసుపు రంగు రావాలి. పసుపుకొమ్ము అరగదీసి కలిపినట్టు వచ్చింది. ఇంత మందు పడ్డ నీళ్లలో ఏ క్రిమీ బతకదు. ఈ నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేస్తే పైపు సంగతి ఏమీ తేలదు. ఆ మాటే మాస్టారుతో అంది.

"క్లోరిను ఉంటే మంచిదేగా అమ్మా. నీ పరీక్ష సీసా పట్టడం వరకే. పట్టు, ఎండెక్కుతోంది," అన్నాడాయన.

ఇంకో రోజు పెట్టమని అడగవలసింది. అడగలేదు. పట్టింది. దూదితో కుళాయి మూతి తుడిచి, మంట చూపించి, కాసేపు నీళ్లు వదిలి, క్లోరినుకు విరుగుడుగా సీసాలో వేసి ఉన్న పొడి పోకుండా, కడగకుండా నింపి, మూత నేల మీద పెట్టకుండా బిగించి, ఐసు పెట్టెలో దించింది. ఎదురింటి అరుగు మీద మామయ్య పెళ్లిపెద్దలా నిలబడి ఉన్నాడు. మాస్టారు అటు తిరగగానే, అంతా నేను చూసుకున్నానులే అన్నట్టు ఆమెకు సైగ చేశాడు.

రిపోర్టులో ఒక్క క్రిమి లేదు. ఆమెకు క్లాసులో మొదటి స్థానం వచ్చింది, ఆ ఊళ్లోనే ఉద్యోగమూ వచ్చింది.

"ఎంత వేశావు మామయ్యా?" అని అడిగింది రిపోర్టు వచ్చిన పూట భోజనాల దగ్గర.

"వారం సరుకు," అన్నాడాయన గర్వంగా. "నీ పరీక్ష కదే. నీళ్లు పాసైతేనే గదా నువ్వు పాసయ్యేది."

"నీళ్లు తప్పితే పైపు మార్చేవాళ్లు."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ముందే చెప్పొచ్చు గదే," అన్నాడు.

అప్పటికే ఆయన వీధంతా చాటి వచ్చాడు. చాటడంలో ఆయనకు ఎదురు లేదు. మన నీళ్లు చూసి ల్యాబువాళ్లు ఈ నీళ్లు ఏ కొండ మీద నుంచి తెచ్చారని అడిగారనీ, ఒక డాక్టరు ఇంటికి సీసాడు పట్టుకెళ్లాడనీ చెప్పాడు. రిపోర్టు తెచ్చింది మన పిల్లే. ఇంకేం, వీధిలో నీళ్లు కాచడం మానేశారు.

ఆమె గడపగడపకూ తిరిగి కాచుకోమని బతిమాలింది. దర్జీ భార్య చేట పక్కన పెట్టి నింపాదిగా విన్నది.

"బాగున్నాయన్నదీ నువ్వే, బాగాలేవంటున్నదీ నువ్వే. ఇందులో చదువుకుని చెప్పింది ఏది తల్లీ?" అంది.

ఆ నెలలోనే దర్జీ కూతుర్ని ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించారు. ఇంటికి తెచ్చినప్పుడు పిల్ల భుజం మీద వేసుకున్న తువ్వాలులా ఉంది.

ముక్కు ఇంజనీరు దగ్గరికి పరుగెత్తింది. రిపోర్టు తప్పు, మళ్లీ పరీక్ష పెట్టమంది. ఎవరు ఎంత మందు కలిపారో రాసి సంతకం పెడితే తప్ప వచ్చిన రిపోర్టును కాదనడానికి లేదన్నాడాయన. ఆమె ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. మామయ్య గోడకు చేరగిలబడి విన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి విన్నది.

"రాసెయ్యి. నా ఉద్యోగం పోయినా పైపు వస్తే చాలు," అన్నాడు. ఆయన కోతల్లేకుండా మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు.

రాసింది. ఆయన్ను తీసేశారు. ట్యాంకుకు కొత్త మనిషి వచ్చాడు. మళ్లీ సీసా పట్టే పని ఇన్‌స్పెక్టరుగా ఆమెకే పడింది. ఆ పొద్దున మలుపు తిరగగానే మళ్లీ అదే ఘాటు, ఇంకాస్త ఎక్కువగా. నీళ్లు బాగాలేకే పాత మనిషి కొంప మునిగిందని ఎవరో అంటే విన్న కొత్త మనిషి, ప్రాణభయంతో ట్యాంకు నిండా పౌడరు గుమ్మరించాడు. గాజు గొట్టంలో చుక్కలు వెయ్యగానే రంగు పసుపు దాటి ఎర్రబడింది. ఆమె సీసా పట్టనంది. ఇంజనీరు కోప్పడలేదు, ఇంకో ఇన్‌స్పెక్టరును పంపాడు. ఒక్క క్రిమి లేదు.

ఇక పైపు ఎందుకు మారుస్తారు? పాత ట్యాంకు మనిషి అడ్డగోలుగా మందు కలపడమే ఇబ్బందికి కారణమనీ, అతన్ని తొలగించాక నీళ్లు బాగుపడ్డాయనీ ఫైలు మూసేశారు. ఇంజనీరు ఆమెను పిలిచి, నీ నిజాయితీ వల్లే సమస్య తీరిందని నలుగురి ముందూ మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మామయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు.

"రంగు ఎలా వచ్చింది?"

"ఎరుపు."

"ఎర్రబడిందంటే నేను వేసినదానికి రెండింతలు వేసుంటాడు," అన్నాడు. ఆ మాట దగ్గర నుంచి ఓ పెద్ద కోత మొదలవబోయి, నోటి దాకా వచ్చి ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

ఆమెకు నాలుక పిడచకట్టుకుపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి, అత్తయ్యా, కాసిని మంచినీళ్లు ఇవ్వమంది. అత్తయ్య తల తిప్పలేదు.

"ఇన్‌స్పెక్టరుగారికి ఏ నీళ్లు ఇవ్వాలో నాకేం తెలుసమ్మా? మీరే చూసి ముంచుకోండి," అంది.