ముక్కుగారు మెచ్చిన సీసా

కాఫీపొడి ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ముక్కుగారనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఏ గింజ కొనాలో, ఏ వాయ మాడిందో ఆ ముక్కే తేల్చింది. అలాంటి ముక్కు నాలుగు నెలల కిందట జ్వరం తగిలి పూర్తిగా మొద్దుబారింది. వాసన మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. అంతమాత్రం ఆయనకూ తెలుసు.

సంగతి భార్యకు తప్ప మూడో మనిషికి పొక్కనివ్వలేదు. ఫ్యాక్టరీలో కప్పు ముందు శిష్యురాలి చేతికిచ్చి, "నువ్వు చెప్పమ్మా, నేనుండగానే నేర్చుకోవాలి" అనేవారు. ఆ పిల్ల ఏదంటే దానికి గంభీరంగా తలూపేవారు. ఎంత ఓపిగ్గా నేర్పుతున్నారో అని అంతా మెచ్చుకుంటుంటే ఆయనకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కానీ వాసన తెలియని మనిషికి ఆ ఫ్యాక్టరీలో కుర్చీ ఎవరు వేస్తారు?

ఇవాళ మధ్యాహ్నం హోటల్లో విందు. పొరుగు దేశం నుంచి సరుకు కొనడానికొచ్చిన పెద్దావిడ, ఆవిడ మేనల్లుడు అతిథులు. శిష్యురాలు రాలేదు. యజమాని వైన్ల జాబితా అందుకుని, తెరిచైనా చూడకుండా ముక్కుగారి ముందు పెట్టాడు.

"ఈయనుండగా మనం ఎంచడమేంటండీ!"

ఆయన జాబితా తెరిచారు. ఆవిడ చేప చెప్పింది, మేనల్లుడు మాంసం చెప్పాడు. రెండింటికీ కుదిరేదేదని పక్కనే నిలబడ్డ వైన్ వడ్డించే పెద్దమనిషిని అడిగితే పోయేది. అందుకేగా ఆయన నిలబడింది! కానీ ముక్కుగారు ఒకర్ని అడగడమా? జాబితా మధ్యలో నోరు తిరిగే పేరొకటి వెతికి వేలు పెట్టారు.

పెద్దమనిషి బిరడా తీసి, ముక్కుగారి గ్లాసులో మాత్రం రెండు గుక్కలు పోసి ఆగాడు. విందుకు పిలిచినవాళ్లు సరేనంటేగాని అతిథులకు పోయకూడదు, అదీ అక్కడి మర్యాద. ముక్కుగారు గ్లాసు తిప్పారు, ముక్కు లోపల పెట్టి కళ్లు మూసుకున్నారు. ఆ హంగంతా బాగానే వచ్చు. నాలిక్కి తగిలింది మాత్రం పులుపు, వగరు.

"భేష్" అన్నారు.

అందరికీ పోశాడు. పెద్దావిడ ఒక గుక్క తాగి పెదాలు తుడుచుకుంది, కాస్త ఎక్కువసేపే. "ఏదో... మట్టివాసన. బాగుంది" అన్నాడు మేనల్లుడు, పాపం. యజమాని "ఆహా!" అన్నాడు. ముక్కుగారు మెచ్చాక బాగాలేదనే మొనగాడెవడు? ముగ్గురూ కషాయం మింగినట్టు మింగుతున్నారు. ఆ మొహాలు చూసి ఆయనకు సంగతి అర్థమైంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పొగిడిన నోటితో ఊరుకోలేక యజమాని అలాంటిదే ఇంకో సీసా తెప్పించాడు. కొత్త గ్లాసులొచ్చాయి. ముక్కుగారు మళ్లీ భేషన్నారు. పెద్దావిడ తాగింది. ఈసారి ఆవిడ మొహం విచ్చుకుంది. పాత గ్లాసులో మిగిలినది వాసన చూసి, రెండు గ్లాసులూ ఆయన ముందుకు జరిపింది.

"రెండూ ఒకటి కాదు. ఒకటి చెడిపోయింది. ఏదో మీరే చెప్పండి."

జవాబు ఆవిడ మొహంలోనే ఉంది. కానీ మొదటిది చెడిందంటే భేష్ ఎందుకన్నట్టు? రెండోదంటే ఇంకా అప్రతిష్ఠ. ఎటు తిరిగినా గోడే. ఒక్కసారిగా ఆయనకు విసుగొచ్చింది, ఆవిడ మీద కాదు, తనమీద తనకే.

"నాకు వాసన తెలియదమ్మా. నాలుగు నెలలైంది. మా శిష్యురాలు చెబితే తలూపుతున్నాను."

గుండెల మీంచి బరువు దిగింది. ఉద్యోగం పోతే పోయిందనుకున్నారు. అంతలో యజమాని పకపకా నవ్వాడు.

"చూశారా ఈయన్ని! కావాలనే చెడిన సీసా అంటగట్టి, ఎవరు నోరు విప్పుతారోనని మనకే పరీక్ష పెట్టారు! పైగా ఈ నాటకం!"

పెద్దావిడ తెల్లబోయి, తర్వాత కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "నేనూ భయపడి మింగేశానండీ! ఇదిగో, ఐదేళ్లూ ఈయన సంతకం ఉన్న సరుకే పంపాలి. ఒప్పందంలో రాయించండి."

"లేదమ్మా, నేను నిజంగానే..."

బల్ల కింద యజమాని చెయ్యి ఆయన మోకాలిని పట్టుకుంది. ఎముక నొప్పెట్టేంత గట్టిగా. మొహం మీద నవ్వు చెదరకుండానే చెవి దగ్గరికి వంగాడు.

"నాకు రెండు నెలల కిందటే తెలుసు. నవ్వు."

ఇరవై రెండేళ్లలో యజమాని ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

ముక్కుగారు నవ్వారు.