ఎండ ఉందిగా

…మైకులో చప్పుడు పడకుండా ఏసీ ఆపేశారు, ఇక రెండు నిమిషాల్లో మెడ మీద చెమట పడుతుంది, పట్టనీ, ఫిల్మ్ నగర్‌లోని ఈ డబ్బింగ్ గదిలో పద్నాలుగేళ్లుగా చెమటోడుస్తూనే ఉంది జెరూష, ఎందరో హీరోయిన్ల ఏడుపులు ఇక్కడే ఏడ్చింది, ఈరోజు ఆ పని కూడా లేదు, సోలార్ మీద డాక్యుమెంటరీ, చదివేస్తే చాలు, వందల ఎకరాల్లో పరిచిన పెద్ద ప్లాంటులో కరెంటు చవగ్గా తయారవుతుంది, కానీ దానికి నేల కావాలి, ఊళ్లదాకా మోసుకొచ్చే లైన్లు కావాలి, ఇంటి కప్పు మీది చిన్న ప్లాంటుకు ఆ బెడద లేదు, పుట్టినచోటే వాడుకోవచ్చు, అని చదివింది, అద్దం అవతల సౌండ్ ఇంజనీరు శాంతరాజు బొటనవేలు చూపించాడు, పక్కనున్న డైరెక్టర్ నిహారిక, సూపరండీ, ఏ ఫీలూ లేకుండా భలే చెప్తున్నారు, అంది, జెరూషకు నవ్వు రావాలి, రాలేదు, అమ్మ పోయి నలభై రోజులు, అప్పట్నించీ ఇంతే, అన్నం మింగుతోంది గానీ ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా తెలియడం లేదు.

ఇంటి కప్పు, యూసుఫ్‌గూడలో తమ మేడ మీదా ఆరు సోలార్ పలకలున్నాయి, పెట్టించింది తనే, రెండేళ్ల కిందట ఇదే మైకు ముందు ఒక సోలార్ ప్రకటనకు గొంతిచ్చింది, మీ ఇంటి ఎండ, మీ ఇంటి కరెంటు, పదకొండు టేకులు, ఒక మాట పదకొండుసార్లు చెప్తే చెప్పినవాళ్లే నమ్మేస్తారు కాబోలు, ఊరందరికీ గొంతు అరువిచ్చే మనిషి తన గొంతుకు తానే బోల్తాపడింది, తర్వాత అమ్మకు ఊపిరి చాలక ఆక్సిజన్ మెషీన్ వచ్చింది, పగలూ రాత్రీ గుర్రుమంటూ, కరెంటు పోతే ఎలాగే అంది అమ్మ, ఎండ ఉందిగా అమ్మా, రాత్రిపూట పోతే మూలన ఆక్సిజన్ సిలిండర్ ఉంది, అంది తను, అమ్మ తలూపి మజ్జిగన్నం తినేసింది, ఇంకో ప్రశ్న వేసి ఉంటే బాగుండేది, వెయ్యలేదు.

అమ్మ పోయిన రోజు మిట్టమధ్యాహ్నం, రోళ్లు పగిలే ఎండ, వీధి చివర లైను బాగుచేస్తూ కరెంటు ఆపారు, తను ఇక్కడే ఉంది, రికార్డింగ్‌లోకి ఫోన్ తేకూడదు కాబట్టి అది బయట సంచిలో ఉంది, కింది వాటా నీలమ్మ చెప్పిందే పదిసార్లు చెప్పింది, మిషిన్ సప్పుడు ఆగిందని పైకొచ్చిన బిడ్డా, సిలిండర్ ఇప్పాల్నా అమ్మా అనడిగిన, జర ఆగు నీలమ్మా, ఎండున్నది గద, మా జెరూష చెప్పింది, కరెంటు ఇప్పుడే వస్తది అన్నది, నేను కిందికి పొయ్యి స్టవ్ బంద్ జేసి వచ్చేసరికి, అక్కడిదాకా చెప్పి నీలమ్మ ఏడ్చేది, జెరూష ఆమె వీపు నిమిరేది, తన కళ్లు మాత్రం పొడిగా ఉండేవి.

తర్వాతి పేజీ, బ్యాటరీ లేని ఇంటి సోలార్, వీధి కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, లైను మీద పనిచేసేవారికి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు, అని చదివింది, నిహారిక ఇయర్‌ఫోన్‌లో, ఆ ముక్క తీసేద్దామండీ, ఫ్లో పోతోంది, అంది, ఉంచండి, అంది జెరూష, అంత గట్టిగా ఎందుకందో తనకే తెలియదు, సరేనండీ, వన్ మోర్, అన్నాడు శాంతరాజు, ఈ ముక్కే ఆ ప్రకటనలో లేదు, నలభై రోజులుగా ఆ కంపెనీవాళ్లనే తిట్టుకుంటోంది, టీవీలో రోజుకు ఎన్నిసార్లు వేసేవారో, వెయ్యగానే అమ్మ, అమ్మ ఏం చేసేది, రిమోట్ తీసేది, ఏ ప్రకటన వచ్చినా టీవీ నోరు నొక్కేసేది, నాదేనమ్మా ఆ గొంతు, వినవే అంటే, ఇంట్లో వింటున్నాగా, టీవీలో కూడా ఎందుకే అనేది, రెడీనా అండీ అని శాంతరాజు అడుగుతున్నాడు, జెరూషకు చెంపల మీది తడి చెమట కాదని తెలుస్తోంది, అమ్మ ఆ ప్రకటన ఒక్కసారి కూడా వినలేదు, ఎండ ఉందిగా అని అమ్మకు చెప్పింది తనొక్కతే.