జేబులో సోంపు

సోంపు ఎందుకు, పెళ్ళిభోజనం చేసినా ఒక ఆకు, వక్కతో సరిపెట్టుకునే మనిషి జేబులో సోంపు ఎందుకు, నోటి వాసన కప్పిపుచ్చడానికి కాకపోతే, అనుకుంటూ నాగరత్నమ్మ, నిన్న పొద్దున చిత్తూరు బస్సెక్కిన మొగుడు విప్పి పడేసిన చొక్కాను మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది, చెమట, మగ్గం నూనె, వాటి అడుగున ఎక్కడో బీడీ, ఉందా లేదా, ఉంది, అనుమానం పట్టిన ముక్కుకు దొరకని వాసనంటూ ఉంటుందా, బిడ్డ మీద ఒట్టేసినా నమ్మవా మే, ఇంట్లో తాగినానంటే సెప్పుతో కొట్టు, తాగితే ఈది సివర బీడీల బంకు కాడే తాగేది అన్నాడు కోదండం మొన్న, ఒట్టు దాకా వచ్చాడంటేనే ఏదో ఉన్నట్టు, లేకపోతే అంత వేడుకోవడం దేనికి.

ఆ నగరి డాక్టరు పది నెలల తులసీరాం వీపు మీద గొట్టం పెట్టి విని, ఇంట్లో బీడీలు తాగేదెవురు, బిడ్డకు పొగ పడదు, ఇంకోసారి ఆయాసం ఇంత ముదిరితే నా వల్ల కాదు, తిరపతి పెద్దాసుపత్రికి ఎత్తుకోని పోవాల్సిందే అన్నప్పుడు కోదండం తల వంచుకున్నాడు, ఆనాటి నుంచి ఆమె కట్టెల పొయ్యిని కూడా పెరట్లోకి మార్చేసి, వానలో గొడుగు పట్టుకుని సంగటి కెలికింది, అంత చేసినా బుధవారం ఆయాసం, శనివారం ఆయాసం, శనివారమంటే కరెంటు కోత, మరమగ్గాలు ఆగుతాయి, మనిషి ఇంటిపట్టునే ఉంటాడు, బుధవారం సంగతేమిటి, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు తాను గిన్నెలు కడుగుతుంటే మంచం పక్కన ఒక్క బీడీ, కాదని ఎవరు చెప్పగలరు, మంచం కింద పీకలు దొరకలేదంటే పీకలు దాచడం నేర్చాడనే కదా.

రత్నా, బిడ్డకు తలంటి నీళ్ళు పోసేసినా, నిప్పులు తేమ్మా, తల ఆరకుంటే జలుబు జేస్తాది అని పిలిచింది అత్త కుప్పమ్మ, నాగరత్నమ్మ చొక్కా పడేసి మూకుట్లో నిప్పులు తెచ్చి, బిడ్డను ఒళ్ళో వేసుకుని, గాలి తగలనీకు, తలుపెయ్యి అని అత్త అంటే కాలితోనే తలుపు నెట్టి, గుప్పెడు సాంబ్రాణి చల్లింది, రానీ రేపు, ఈ సోంపు ఆయన చేతిలోనే పెట్టి అడుగుతాను, ముఖం ఎటు తిప్పుకుంటాడో చూస్తాను, గది తెల్లబడింది, తులసీరాం ఒకసారి దగ్గాడు, మళ్ళీ దగ్గాడు, ఆ తర్వాత ఆ గొంతులోంచి ఆమె నిద్రలో కూడా గుర్తుపట్టే ఆ కూత వచ్చింది, ఎప్పుడు తాగాడు, ఎక్కడ తాగాడు అని ఆమె చూపు ముందు మంచం కిందికే పోయింది.

మనిషి ఊళ్ళో లేడు.

నిన్ననే బస్సెక్కాడు, పులిహోర మూట తనే కట్టి ఇచ్చింది, మరి ఇంట్లో ఎవరున్నారు, ఆకువక్క తప్ప ఎరగని అత్త, తను, బుధవారం, శనివారం, తలంటు రోజులు, అయ్యో, బిడ్డను భుజాన వేసుకుని తలుపు తీసి, చేతికందిన నీళ్ళ చెంబు ఎత్తి నిప్పుల మీద గుమ్మరించింది, ఏమే, నీకేం పట్టింది, మంచిదని పుట్నప్పటినుంచీ ఏస్తా ఉండేదే కదా అంటోంది అత్త, నిజమే, ఆయన బంకు దగ్గర ఏం తాగుతాడో, సోంపు ఎందుకు నములుతాడో అదింకా అడగవలసిందే, కానీ ఈ పొగ మాత్రం ఆయనది కాదు, పుట్టినప్పటినుంచీ, వారానికి రెండుసార్లు, తలుపులు మూసి మరీ, తన చేత్తోనే.