పట్టిన చెయ్యి

మాణయ్య కుందేళ్ల బోనుల కింది రేకులు కడుగుతున్నాడు. వంగినప్పుడల్లా మెడ వెనక ఎవరో తాడు బిగదీసినట్టుంది. పొద్దున ఇంట్లో జొన్నరొట్టె నమలలేకపోయాడు. దవడలు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. చాయ్‌లో నానబెట్టి మింగాడు.

"ఏమైంది?" అంది భార్య మొగులమ్మ.

"మెడ పట్టింది."

"మెడ పడితే నోరెందుకు మూత పడ్తది? ఎట్లాగూ నువ్వు మాట్లాడవు. నోరు కుట్టేసినా ఎవ్వలికి తెల్వది," అని నవ్వింది. ఆయనా నవ్వబోయాడు. బుగ్గలు లాగాయి.

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వెనక ఉంది ఆయన పనిచేసే షెడ్డు. కిటికీలుండవు. బయటి గాలిలో మందుల ఘాటు, లోపల ఎండుగడ్డి వాసన, కుందేళ్ల ఉచ్చ వాసన. మాణయ్య ఎండిన కంది కట్టెలా ఉంటాడు. అరచేతులు మాత్రం వెడల్పు. ఆ చేతుల వల్లే ఆయనకు ఈ పని దొరికింది.

నెత్తురు తీయడానికి సూది గుచ్చేటప్పుడు కుందేలు బెదిరిందంటే వెనక కాళ్లతో ఎగిరి తంతుంది. ఆ తన్నుకు దాని నడుము అదే విరుచుకుంటుంది. మాణయ్య దాని తలను తువ్వాలలో చుట్టి చంకలోకి తీసుకుంటాడు. ఒక అరచెయ్యి వెనక కాళ్ల కింద పెడతాడు. చంక చీకట్లో కుందేలు మెల్లగా సద్దుమణుగుతుంది. ఆయన పట్టిన కుందేలు ఏదీ నడుము విరుచుకోలేదు. ఆ తువ్వాలను సబ్బుతో ఉతకడు. సబ్బు వాసన వాటికి పడదు.

ఎడమకాలి బూటులో మడమ సలుపుతోంది. పోయిన వారం రుద్రారంలో తన చెల్క పొలానికి పెంట ఎరువు ఎత్తుతుంటే, అందులో పడి ఉన్న పాత నాగలి కర్రు దిగబడింది. పెండ బూడిద అద్ది గుడ్డ కట్టాడు. తండ్రి అట్లాగే కట్టేవాడు, తాతా అట్లాగే. పైన పక్కు కట్టింది కూడా.

గేటు దగ్గర చెప్పలేదు. గాయమున్నవాడు కుందేళ్ల దగ్గరికి పోకూడదని రూలు. పోయిన నెల తోటి పనివాడు నర్సింగ్ తెగిన వేలు చూపించాడు. మానినాక రమ్మని పంపి, ఆ వారమే వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ కొత్తవాడు కుందేళ్లను చెవులు పట్టి ఎత్తుతాడు.

ఇవాళ చివరి బోనులోని ముసలి ఆడ కుందేలు వంతు. ఇన్నాళ్లూ దాని నెత్తురు కొంచెం కొంచెంగా తీశారు. ఇవాళ మొత్తం తీస్తారు. కొత్తవాడి చేతికి దాన్ని ఇవ్వడం మాణయ్యకు ఇష్టం లేదు.

సత్యశ్రీ సూదుల ట్రే తెచ్చింది. ల్యాబులో పనిచేసే అమ్మాయి. మాణయ్య ఎప్పుడూ అడగనిది ఇవాళ అడిగాడు.

"దీని నెత్తురు దేనికి పనికొస్తదమ్మా?"

"మన నరాల చివర్లలో చిన్న సంచుల్లాంటివి ఉంటాయి మాణయ్య గారూ. వాటిల్లో కండకు పోయే కబురు ఉంటుంది. కొన్నిట్లో బిగించమని, కొన్నిట్లో వదలమని. ఆ సంచి తెరుచుకోవాలంటే సినాప్టోబ్రెవిన్ అనే ప్రోటీన్ కావాలి. అది ఎక్కడుందో ఈ రక్తంలో తయారైన యాంటీబాడీలతో వెతుకుతాం."

"అది లేకుంటే?"

"ధనుర్వాతంలో జరిగేది అదే. ఆ విషం వదలమనే సంచుల దగ్గర ఈ ప్రోటీన్ని కత్తిరించేస్తుంది. వదలమనే కబురు అందదు. కండ బిగుసుకుని అలాగే ఉండిపోతుంది. ముందు దవడలు, తర్వాత మెడ..."

మాణయ్య నాలుకతో పళ్లను లోపలి నుంచి తోశాడు. అవి కదల్లేదు.

సత్యశ్రీ తలెత్తింది. "ఏంటి, ఇవాళ నవ్వుతున్నారే! మీరు నవ్వగా నేనెప్పుడూ చూళ్లేదు."

ఆయన నవ్వడం లేదు. పెదాల కొసలు వాటంతటవే వెనక్కి లాగుకుపోయాయి.

"అమ్మా, జెర..." అన్నాడు పళ్ల సందులోంచి.

చివరి బోనులో కుందేలు వెనక కాలితో నేలను టపామని కొట్టింది. ఇప్పుడు చెప్తే తనను బయటికి పంపుతారు. కొత్తవాణ్ణి పిలుస్తారు. వాడు చెవులు పడతాడు.

'ఇదైనంక చెప్త,' అనుకున్నాడు.

కుందేలును తువ్వాలలో చుట్టి చంకలోకి తీసుకున్నాడు. దాని గుండె అరచేతికి దడదడా తగిలింది. తర్వాత నెమ్మదించింది. మత్తు సూది పడింది. నెత్తురు గొట్టంలోకి దిగింది. చెవులు చల్లబడ్డాయి.

"అయిపోయింది, వదిలేయండి," అంటూ సత్యశ్రీ ట్రేను బండ మీద పెట్టింది. అది ఖంగుమంది.

ఆ చప్పుడుకు మాణయ్య నడుము విల్లులా వెనక్కి వంగింది. చేతులు రెండూ కుందేలుతో సహా గుండెకు బిగుసుకున్నాయి.

"వదలండి! మాణయ్య గారూ, వదలండి!"

ఆయనకు అంతా వినబడుతోంది. కళ్లు తేటగానే ఉన్నాయి. వేళ్లు మాత్రం వినలేదు.

"కాలు... కర్రు..." అన్నాడు. ఆమెకు అర్థమయ్యేసరికి ఇంకోసారి వంగాడు.

పెద్దాసుపత్రిలో చీకటి గదిలో పెట్టారు. చిన్న చప్పుడైనా మళ్లీ బిగుసుకుంటాడన్నారు. మొగులమ్మ తన గాజులు తీసి కొంగున ముడివేసుకుని, కదలకుండా మంచం పక్కన కూర్చుంది. మాణయ్య పోయాడని డాక్టరు చెప్పినప్పుడు, పగలగొట్టడానికి ఆమె చేతులకు గాజుల్లేవు.

షెడ్డులో పని ఆగలేదు. కొత్తవాడు చెవులు పట్టే ఎత్తుతున్నాడు. తలుపు పక్క మేకుకు మాణయ్య తువ్వాల వేలాడుతోంది. దాన్ని ఎవరూ ఉతకలేదు, దులపలేదు. మధ్యలో కుందేలు మొహం పట్టేంత గుంట అట్లాగే ఉంది, నాలుగు తెల్ల వెంట్రుకలతో.