కోడిపుంజు వెనక వెరోనికా

దోన్యా పెర్పెతువా మొంతెరోసోకి నచ్చిన మనుషులంతా ఎప్పుడో పోయారు. బతికున్నవాళ్లలో ఒక్కరికైనా మర్యాద తెలుసని ఆవిడ ఒప్పుకోగా విన్నవాళ్లు లేరు.

నెగ్రోస్ దీవిలో చెరుకు తప్ప వేరే ఊసు లేని చిన్న పట్టణం అది. ఒకప్పుడు మిల్లు నుంచి ఏటిదాకా ఉన్న తోటంతా మొంతెరోసోలదే. ఇప్పుడు మిగిలింది చర్చి ఎదురుగా చెక్క మేడ, పనిమనిషి బసిలీసా, సిలువ మోసే ప్రభువు మొహం గుడ్డతో తుడిచిన పునీత వెరోనికా స్వరూపం. గుడ్ ఫ్రైడే ఊరేగింపులో ఏటా ఆ వెరోనికా తేరే అన్నిటికన్నా ముందు నడిచేది. తోటలో పనివాళ్లు తాళ్లు పట్టి లాగేవారు.

ఈ ఏడు ఫాదర్ వరస మార్చాడు. దొదోంగ్ తుంబాగా కొత్తగా పునీత పేతురు స్వరూపం చేయించాడు, పక్కన కోడిపుంజుతో సహా. దొదోంగ్ తండ్రి మొంతెరోసోల తోటలో చెరుకు నరికినవాడు. కొడుక్కి ఇప్పుడు లారీలు. మిల్లు గేటు ముందు సగం వరస అతని బళ్లే.

"పేతురు ప్రభువుని ఎరగనన్నదీ, కోడి కూసిందీ ముందు రాత్రి కదా సెన్యోరా. వెరోనికా మర్నాడు దారిలో ఎదురవుతుంది. అందుకని పేతురు తేరు ముందు..." అని నసిగాడు ఫాదర్.

"మా తాత ఈ చర్చికి గంట పోయించిన నాడు ఆ కోడి ఎక్కడుంది ఫాదర్? గుడ్డులో కూడా లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. వాడి కోడి మాత్రం ఎరుగుతుందా?"

శుక్రవారం మిల్లు ఆపేశారు కాబట్టి మసి రాలడం లేదు. బసిలీసా పొద్దుటి నుంచీ కూర్చుని వెరోనికా చేతిలో ఉండే తెల్లగుడ్డకి ఇస్త్రీ చేసి, ఊడిన జరీ కుట్టింది. తేరు వాకిట్లో సిద్ధంగా ఉంది. లాగేవాళ్లే లేరు. కబురంపితే పాత మేస్త్రీ ఒక్కడూ వచ్చి, టోపీ నలుపుకుంటూ నించున్నాడు.

"కుర్రాళ్లంతా పేతురు తేరు దగ్గరికెళ్లారు సెన్యోరా. దొదోంగ్ దగ్గర పని కదా."

"మా అన్నం తిన్న పీనుగులు!"

"వాళ్లు తినలేదు సెన్యోరా. వాళ్ల తాతలు తిన్నారు."

అంతలో దొదోంగే వచ్చాడు. "తియా, మా జీపు వెనక కట్టేద్దాం. జనరేటరుంది, మీ తేరుక్కూడా దీపాలు పెట్టిస్తాను."

అత్తా అని వరస కలిపి పిలిచేసరికి ఆవిడ ఒళ్లు మండింది. వీడి తండ్రి మెట్ల కింద నించుని మాట్లాడేవాడు.

"ఎవర్రా నీకు తియా? నా వెరోనికా నీ కోడి తోక పట్టుకుని నడవాలా? ఆ దీపాలేమిటి, బట్టలకొట్టు తెరుస్తున్నావా? ఫో!"

దొదోంగ్ నవ్వబోయి మానేశాడు. "మీ ఇష్టం," అని గేటు వైపు నడిచాడు.

"తలుపులు వెయ్యి బసిలీసా. వెరోనికా లేని ఊరేగింపు చూసి ఊరు ముక్కున వేలేసుకోవాలి. ఫాదర్ కాళ్లబేరానికి రావాలి."

బసిలీసా కదల్లేదు. "కోపం మీది సెన్యోరా. ఆ తల్లిది కాదు."

"నోర్ముయ్. ఎవరు నేర్పారు నీకీ మాటలు?"

"ఎవరూ నేర్పలేదు. మీ ఇంట్లో మాటలు నేర్చుకునే తీరికెక్కడ?"

అని గేటు దాకా వెళ్లి దొదోంగ్‌ని వెనక్కి పిలిచింది. కుర్రాళ్లొచ్చి తేరుకి తాళ్లు కట్టారు. పెర్పెతువా మేడ మీదికి వెళ్లిపోయింది. బసిలీసా ఒక్కసారైనా తలెత్తి తన వైపు చూస్తుందనుకుంది. చూడలేదు.

కిటికీ సందులోంచి ఊరేగింపు కనిపించింది. ముందు పేతురు, కోడి. వెనక వెరోనికా. దీపాల వెలుగులో ఆ తెల్లగుడ్డ మునుపెన్నడూ లేనంతగా మెరిసింది. జనం సిలువ గుర్తు వేసుకున్నారు. తన తల్లీ, తర్వాత తనూ నడిచిన చోట, తేరు వెనక, బసిలీసా రబ్బరు చెప్పులతో కొవ్వొత్తి పట్టుకుని నడుస్తోంది. మేడ వైపు చూసింది దొదోంగ్ భార్య ఒక్కతే. రోగిని పలకరించినట్టు చెయ్యూపింది. పెర్పెతువా చటుక్కున వెనక్కి జరిగింది.

ఆకలేసింది. వంటింట్లో కొబ్బరిపాలల్లో అరటిపండు, చిలగడదుంప వేసి వండిన పాయసం ఉంది. చెంచాలు ఎక్కడుంటాయో ఆవిడకి తెలీదు. గిన్నె భోజనాల బల్ల మీదికి తెచ్చుకుని, చల్లారిన పాయసాన్ని నిలబడే గరిటతో తాగింది.

బసిలీసా తిరిగొచ్చి, అడక్కుండానే భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూలబడి పాదాలు పిసుక్కుంది. లేవమనాలని పెర్పెతువా నోటిదాకా వచ్చింది. లేచి, అలాగే ఇల్లొదిలి నడిచిపోతే?

"సెన్యోరా ఏరని అడిగారు. జ్వరమని చెప్పాను."

"గుడ్ ఫ్రైడే నాడు అబద్ధమా?"

"నిజం కావాలంటే రేపు ఇల్లిల్లూ తిరిగి చెప్పొస్తాను."

"ఎంతమంది అడిగారు?"

"ఇద్దరు."

"ఇద్దరేనా?"

"ఇంకొకావిడ మీరు పోయారనుకుంది."

"ఎవరా గాడిద?"

బసిలీసా పాయసం గిన్నె దగ్గరికి లాక్కుని, అందులో ఉన్న గరిటని చూసి, లేచి చెంచా తెచ్చుకుంది.